మూయాల్సిన చానల్, తెరవాల్సిన చానల్
(ముందుమాట)

రేడియో గురించి తెలుగులో రాసేవాళ్ళు చాలామంది ఆకాశవాణి దగ్గరే ఆగిపోతారు. నాటికలు, లలిత సంగీతం, వార్తలు చదివిన గొంతులు. ఆ గొంతులంటే నాకూ ప్రాణమే. కానీ అదే గాలిలో ఇంకో రేడియో ఎప్పటినుంచో ఉంది. పోలీసు జీపులో, అంబులెన్సులో, ఫైరింజన్‌లో, గనిలో, రైలు గార్డు చేతిలో పలికే రేడియో అది. పాటలు పాడదు. ‘ఎక్కడున్నావు, ఏమైంది, ఎంతసేపట్లో వస్తావు’ అని మాత్రమే అడుగుతుంది. దాని గురించి, అందులోనూ దాని కొత్త రూపమైన డిజిటల్ ట్రంకింగ్ గురించి, బస్తర్‌లో కూర్చుని తెలుగులో ఒక నిండు పుస్తకం రాసి, ముందుమాట నన్ను రాయమన్నాడు ఈ గ్రంథకర్త. వయసులో నాకు మనవడి వరస. ఇష్టంగా ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఈ పుస్తకం విషయం వినగానే నొసలు చిట్లించేవాళ్ళు ఉంటారు. ‘ఇతరుల రేడియో మాటలను వెతికి పట్టే స్కానర్లా? బస్తర్‌లోనా?’ అంటారు. వాళ్ళ భయంలో న్యాయం ఉంది. ఆ భయానికి ఈ పుస్తకం దగ్గర సమాధానమూ ఉంది.

ముందు ఇతని ఊరి సంగతి. పుట్టింది కోంటలో. శబరి ఒడ్డున, జాతీయ రహదారి 30 మీద, ఛత్తీస్‌గఢ్ చిట్టచివర ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతకెళితే గోండీ, దోర్లా. బస్తర్‌లో తెలుగు వినపడితే బయటివాళ్ళు ఆశ్చర్యపోతారు గాని ఇక్కడివాళ్ళకు అది కొత్త కాదు. ఓరుగల్లు కూలాక కాకతీయుల అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం కట్టాడన్నది బస్తర్ రాజవంశం తన గురించి తాను చెప్పుకునే కథ. మా తరం మాత్రం రాజుల వెంట రాలేదు, ఇనుప ఖనిజం వెంట వచ్చింది. బైలాడీలా కొండల్లో గనులు తెరిచి, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలుమార్గం వేసినప్పుడు విశాఖ నుంచి, విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి ఎందరో వచ్చి కిరండూల్‌లో, బచేలిలో స్థిరపడ్డారు. నేనూ అలా వచ్చినవాణ్ణే. గనుల ఊళ్ళో వైర్‌లెస్ సెట్లు బాగుచేయడం నా ఉద్యోగం, హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు నడిపే రేడియో, నా వ్యసనం. అందుకే ఇతను తెచ్చిన రాతప్రతిని పక్కన సాల్డరింగ్ ఐరన్ పెట్టుకుని చదివాను. అనుమానం వచ్చిన ప్రతిచోటా సర్క్యూట్ కట్టి చూశాను.

పాత సెట్ల కాలం సంగతి నాకు బాగా తెలుసు. వి.హెచ్.ఎఫ్. ఎఫ్.ఎం. సెట్టు. కొండ మీద మాటను అందుకుని మళ్ళీ దూరానికి పంపే ఒక రిపీటర్, కింద ఠాణాలో ఒక బేస్ సెట్టు, జీపులో ఒకటి, చేతిలో ఒకటి. బటన్ నొక్కితే మాట్లాడటం, వదిలితే వినడం. మాట అయిపోగానే స్పీకర్లో ‘ఖర్ర్’మని ఒక తుంపు, ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ తుంపును బట్టే అవతలి సెట్టు దగ్గరుందో దూరముందో, బ్యాటరీ నిండుగా ఉందో దిగిపోయిందో చెప్పగలిగిన ఆపరేటర్లను చూశాను. ఆ పద్ధతిలో రెండు లోపాలు. ఒకటి, ఒక చానల్ మీద ఒకరు మాట్లాడుతుంటే మిగతా అందరూ నోరు మూసుకోవాలి. రెండోది, ఆ ఫ్రీక్వెన్సీకి తిప్పుకున్న ప్రతివాడికీ ఆ మాట వినపడుతుంది. దొంగకూ వినపడుతుంది, ఊరివాడికీ వినపడుతుంది.

మొదటి లోపానికి విరుగుడే ట్రంకింగ్. దీని మూలం రేడియోలో లేదు, టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో ఉంది. కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డేనిష్ గణితజ్ఞుడు 1909లోనూ, 1917లోనూ రాసిన వ్యాసాల్లో ఒక ప్రశ్నకు లెక్క కట్టాడు. ఇంతమంది ఫోను చేస్తుంటే ఎన్ని లైన్లు వేస్తే సరిపోతుంది? గ్రంథకర్త ఆ లెక్కను రేడియోకు అన్వయించి చూపించిన తీరు నాకు ఎంతో నచ్చింది. ఐదు శాఖలకు విడివిడిగా ఐదు చానళ్ళు ఇచ్చామనుకోండి. నూటికి ఇద్దరికి మించి ‘చానల్ ఖాళీ లేదు’ అనిపించుకోకూడదని షరతు పెట్టామనుకోండి. అప్పుడు ఒక్కో చానల్ మీద గంటకు ఒకటింపావు నిమిషం మాత్రమే మాట్లాడుకోగలరు. ఐదు చానళ్ళూ కలిపి ఆరు నిమిషాలు. అవే ఐదు చానళ్ళను ఒక్కచోట కుప్పవేసి, ఎవరికి అవసరమైతే వాళ్ళకు ఆ క్షణానికి ఒకటి ఇచ్చే ఏర్పాటు చేస్తే, అదే షరతు మీద గంటకు దాదాపు తొంభైతొమ్మిది నిమిషాల మాట సాగుతుంది. అవే టవర్లు, అవే ఫ్రీక్వెన్సీలు. పంచే పద్ధతి మారినందుకే పదహారు రెట్లు. ఈ పేజీ చదివాక నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళందరి చేతా ఈ లెక్క చేయిస్తున్నాను.

లెక్క పడనివాళ్ళ కోసం ఇతను ఒక ఆట రాశాడు. కోంటలో పిల్లలతో ఆడించి చూసిన ఆట. నాలుగు జట్లు, పోలీసు, ఆసుపత్రి, అడవి శాఖ, కరెంటు ఆఫీసు. నాలుగు పలకలు, అంటే నాలుగు చానళ్ళు. మొదటి ఆటలో జట్టుకొక పలక. పోలీసు జట్టు పిల్లలు తమ పలక దగ్గర ఒకరినొకరు తోసుకుంటుంటే కరెంటు జట్టు పలక ఖాళీగా పడి ఉంటుంది. రెండో ఆటలో పలకలన్నీ ముందు నిలబడ్డ ఒక అమ్మాయి చేతిలో ఉంటాయి. కావాల్సినవాడు చెయ్యెత్తి తన జట్టు పేరు చెప్పాలి. ఆ అమ్మాయి ‘పోలీసు జట్టు, మూడో పలక’ అని అరుస్తుంది. పోలీసు జట్టంతా మూడో పలక చుట్టూ చేరుతుంది, మాట అయిపోగానే పలక వెనక్కి వెళ్తుంది. మూడో ఆటలో బయటి నుంచి ఒక పిల్లవాణ్ణి పిలిచి, మూడో పలక దగ్గరే కూర్చుని విన్నది విన్నట్టు రాయమంటారు. వాడి కాగితంలో పోలీసు మాట ఒక ముక్క, ఆసుపత్రి మాట ఒక ముక్క, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఒక ముక్క, తలాతోకా లేకుండా పడతాయి. పాత స్కానర్ ట్రంకింగ్ ముందు చేతులెత్తేయడానికి కారణం సరిగ్గా అదే. నాలుగో ఆటలో వాడికి ఒక ఉపాయం చెబుతారు. ‘పలకను వదిలేయ్, ఆ అమ్మాయి అరిచేది విను. పోలీసు జట్టు ఏ పలకకు వెళ్తే నువ్వూ అక్కడికి వెళ్ళు.’ ఇప్పుడు మాట పూర్తిగా దొరుకుతుంది. ఆ అమ్మాయే కంట్రోల్ చానల్. ఆమె మాట వింటూ జట్టు వెంట పరుగెత్తడమే ట్రంక్ ట్రాకింగ్. ఐదో ఆటలో పోలీసు జట్టు తమలో తాము ముందే అనుకున్న దొంగభాషలో మాట్లాడుతుంది. బయటి పిల్లవాడికి ఎవరు, ఏ పలక మీద, ఎంతసేపు మాట్లాడారో తెలుస్తుంది. ఏం మాట్లాడారో మాత్రం తెలియదు. రెండో లోపానికి విరుగుడైన ఎన్‌క్రిప్షన్, అంటే మాటకు తాళం వేయడం, ఎక్కడ మొదలవుతుందో, దాని హద్దు ఎక్కడో పదేళ్ళ పిల్లలకు అర్థమయ్యేలా చెప్పిన పాఠం ఇంతకంటే మంచిది నేను చూడలేదు.

ఆట తర్వాత అసలు యంత్రాలు వస్తాయి. యూరప్‌లో పుట్టిన టెట్రా, అమెరికా పోలీసుల ప్రాజెక్ట్ 25 (పి-25), రెండింటికంటే చవకగా దొరికే డి.ఎం.ఆర్. టెట్రాలో 25 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్క క్యారియర్‌ను కాలంలో నాలుగు ముక్కలు చేస్తారు, నలుగురు ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా మాట్లాడతారు, వాళ్ళకు ఆ సంగతే తెలియదు. డి.ఎం.ఆర్.లో 12.5 కిలోహెర్ట్జ్‌లో రెండు ముక్కలు, ఒక్కో వంతు 30 మిల్లీసెకన్లు. పి-25 కంట్రోల్ చానల్ రాత్రింబవళ్ళు ఆగకుండా సెకనుకు 9,600 బిట్ల చొప్పున ‘ఫలానా టాక్‌గ్రూప్ (ఆటలోని జట్టు), ఫలానా చానల్’ అని చెబుతూనే ఉంటుంది. ఈ వివరాలన్నీ ఇతను తడబాటు లేకుండా రాశాడు. బటన్ నొక్కిన తర్వాత వచ్చే చిన్న ‘టిక్’ ఏమిటో చెప్పిన పేరా ప్రత్యేకంగా చూడండి. పాత సెట్టుకు అలవాటుపడ్డ చెయ్యి బటన్ నొక్కుతూనే మాట మొదలుపెడుతుంది. కొత్త సెట్టులో సిస్టమ్ చానల్ ఇచ్చేదాకా, సుమారు సెకనులో మూడో వంతు, ఆగాలి. ఆగకపోతే మొదటి మాట గాలిలో కలిసిపోతుంది. ‘వద్దు, రావద్దు’ అన్నవాడి మొదటి ‘వద్దు’ తెగిపోయినా పరవాలేదు, అర్థం మిగులుతుంది. ‘కాల్చకు’ అన్న ఒక్క మాటే తెగితే? శిక్షణ ఎందుకు కావాలో ఆ ఒక్క ఉదాహరణతో చెప్పేశాడు.

స్కానర్ల చరిత్రకు ఇచ్చిన అధ్యాయం అమెరికాలో నడుస్తుంది. అది సహజం, ఆ అలవాటు పెరిగింది అక్కడే. ట్రంకింగ్ వెంట పరుగెత్తగల మొదటి స్కానర్‌ను యూనిడెన్ 1997లో అమ్మకానికి పెట్టింది. 2012 నాటికి ఇంకో సంగతి బయటపడింది. టీవీ చూడటానికి కొనే చిన్న యు.ఎస్.బి. డాంగిల్‌లో ఉన్న రియల్‌టెక్ చిప్ ముడి రేడియో తరంగాన్నే కంప్యూటర్‌కు అందించగలదు. దాంతో ఖరీదైన రిసీవర్ పనిని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ చేయడం మొదలుపెట్టింది. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం తాళం వేయని పోలీసు, అగ్నిమాపక సంభాషణను పౌరుడు వినవచ్చు. తాళం వేసినదాన్ని విప్పి వినకూడదు. కారులో స్కానర్ పెట్టుకోవడం మీద కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి. అక్కడ ఈ అలవాటు విలాసం కాదు. అగ్నిప్రమాదం ఏ వీధిలో అన్నది పత్రికల వాళ్ళకు తెలిసేది స్కానర్ వల్లే. తుఫాను రాత్రి ఏ రోడ్డు మూసుకుపోయిందో ఇంట్లో ముసలివాళ్ళకు తెలిసేదీ దాని వల్లే. అందుకే 2019లో డెన్వర్ పోలీసులు తమ చానళ్ళన్నిటికీ తాళం వేసినప్పుడు పత్రికల వాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పారు. షికాగో పోలీసులు తాళం వేసి, బయటికి వినపడే మాటను అరగంట ఆలస్యం చేశారు. కాలిఫోర్నియాలో పాలో ఆల్టో పోలీసులు 2021 మొదట్లో తాళం వేసి, మరుసటి ఏడాది సెప్టెంబరులో దాన్ని మళ్ళీ తీసేశారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఇతను చేసిన చర్చ నిష్పక్షపాతంగా ఉంది. తాళం వేయాలా వద్దా అన్నది యంత్రం తేల్చే విషయం కాదు, ఊరు తేల్చుకోవాల్సిన విషయం అంటాడు. నేనూ అదే అంటాను.

ఇక బస్తర్. ఇక్కడ ఆ తీర్పు వేరు.

ఉమ్మడి బస్తర్ జిల్లా వైశాల్యంలో కేరళ రాష్ట్రం కంటే పెద్దది. ఇప్పుడది ఏడు జిల్లాలు. అడవి, కొండ, ఇంద్రావతి, శబరి. ఈ నేల మీద మావోయిస్టులకూ ప్రభుత్వ బలగాలకూ మధ్య నడిచిన యుద్ధంలో ఎందరు పోయారో ప్రతి ఊరికీ తెలుసు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర ఒక్క ఉదయం 76 మంది జవాన్లు చనిపోయారు. అడవి దారిలో నడిచే గస్తీ దళానికి తను ఎక్కడుందో చెప్పే సెట్టే ప్రాణాధారం. ఆ మాట పరాయి చెవిన పడితే ఆ సెట్టే ప్రాణాంతకం. తాళం వేయని పోలీసు మాటను సరదాకు వినడమన్నది ఇక్కడ తలపెట్టకూడని పని. ట్రంకింగ్‌లో ఈ నేలకు అన్నిటికంటే ముఖ్యమైన సుగుణం చానళ్ళ పొదుపు కాదు. పోయిన సెట్టును దూరం నుంచే చంపేయగలగడం అది. పాత సెట్టు ఎవరి చేతికి చిక్కితే వాడికి బ్యాటరీ ఉన్నంతకాలం అన్నీ వినిపిస్తుంది. టెట్రా సెట్టు నంబరును కంట్రోల్ నుంచి కొట్టివేస్తే, అది ఆన్‌లో ఉండి సిగ్నల్ అందే చోట ఉంటే వెంటనే ఇటుక అయిపోతుంది. ఈ సంగతిని ఇతను రెండు పేజీల్లో చెప్పాడు. నాకైతే అధ్యాయమంతా దాని మీదే ఉన్నా బాగుండుననిపించింది.

వినేవాడికి కూడా ప్రమాదమే. చేతిలో యాంటెన్నా ఉన్న డబ్బాతో అడవి అంచున కనపడ్డ కుర్రవాణ్ణి ఏ పక్షమూ నమ్మదు. ఈ మాట పుస్తకం మొదట్లోనే, పెద్ద అక్షరాల్లో ఉంది. చట్టమూ స్పష్టంగా ఉంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడమే నేరమన్న 1933 నాటి చట్టం మన తాతల కాలం నాటివి. 2023 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం అక్రమంగా సందేశాన్ని అడ్డగించి విన్నవాడికి మూడేళ్ళ దాకా జైలు, రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అంటుంది. ఆన్‌లైన్‌లో విచ్చలవిడిగా అమ్ముతున్న వాకీటాకీల మీద 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. ఇవన్నీ ఇతను అనుబంధంలో పడేయలేదు. పుస్తకం నడుమ, యంత్రాల పాఠంతో పాటే నేర్పాడు. ఏ శాఖ ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉంటుందన్న జాబితా పుస్తకంలో ఎక్కడా లేదు. అమ్ముడుపోవడానికి అలాంటి జాబితా ఒక్కటి చాలునని ఇతనికి తెలుసు. తెలిసీ పెట్టలేదు. ఎన్‌క్రిప్ట్ అయిన చానల్‌లో మాట అర్థం కాకపోయినా రద్దీ పెరిగిందన్న సంగతి పసిగట్టవచ్చు కదా అని నేను అడిగాను. ‘అదీ ఇక్కడ వినకూడని సంగతే’ అన్నాడు, ఆ వాక్యాన్నే పుస్తకంలో చేర్చాడు. నేను ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోవడానికి ఆ నిగ్రహం మొదటి కారణం.

అలాగైతే సామాన్యుడికి ఈ విద్య ఎందుకు, పోలీసు సిగ్నల్ విభాగానికి వదిలేస్తే పోదా అని ఒకరు నన్నే అడిగారు. రెండు సమాధానాలు చెబుతాను.

మొదటిది తాళాల గురించి. టెట్రాలో వాడే తాళాల సూత్రాలను పాతికేళ్ళకు పైగా రహస్యంగా ఉంచారు. ఎవరూ చూడలేదు గనుక అంతా గట్టిగా ఉందనే అందరూ అనుకున్నారు. 2023 జులైలో మిడ్‌నైట్ బ్లూ అనే డచ్ బృందం తాము కనుగొన్న లోపాలను బయటపెట్టింది. టి.ఇ.ఎ.-1 అనే రకంలో తాళంచెవి పైకి 80 బిట్లయినా, లోపల 32 బిట్లకు కుదించుకుపోతుంది. మామూలు కంప్యూటర్‌తో విప్పగలిగినంత బలహీనం. వాళ్ళు దాన్ని ముందుగా సంబంధిత సంస్థలకు చెప్పి, సరిదిద్దుకునే గడువిచ్చి, ఆ తర్వాతే లోకానికి చెప్పారు. ఆ ఏడాది చివర్లో ఆ సూత్రాలను బహిరంగం చేస్తామని యూరప్ ప్రమాణాల సంస్థ ప్రకటించింది. తరంగాన్ని చదవగలిగిన నిజాయితీపరులు బయట ఉండబట్టే లోపల ఉన్న జవాను ప్రాణానికి కాపు దొరికింది. అలాంటి చదువు మన ఇంజనీరింగ్ కాలేజీల్లో, మన భాషలో మొదలుకావాలి.

రెండోది నాకు మరీ ముఖ్యం, ఈ పుస్తకం చివరి మూడో వంతు దాని గురించే. పోలీసు చానల్ మూసుకోవడం సరైనదే. కానీ పాత రోజుల్లో ఆ చానల్ నుంచి ఊరికి అనుకోకుండా అందే కబురు కూడా దాంతో పాటే మూసుకుపోతుంది. ఠాణా ముందు టీ కొట్టులో కూర్చున్నవాడికి లోపలి సెట్టు నుంచి ‘వాగు పొంగింది, బస్సు ఆపండి’ అన్న మాట వినపడేది. ఇక వినపడదు. ఒక తలుపు మూసినప్పుడు ఆ మేరకు ఇంకో తలుపు తెరిచే బాధ్యత మూసినవాడిదే.

ఇతను దీనికి తీసుకున్న ఉదాహరణ తన ఊరిదే. గోదావరి భద్రాచలం దగ్గర పెరిగితే, దానిలో కలవాల్సిన శబరి నీరు కిందికి పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులై 16న 71.3 అడుగులు. అప్పుడు కూనవరం, చింతూరు, కోంట, అన్నిచోట్లా ఇళ్ళు మునిగాయి, రహదారి తెగింది. ఇప్పుడు పటం చూడండి. కోంట ఛత్తీస్‌గఢ్. నది అవతల మోటు ఒడిశా. కింద చింతూరు, కూనవరం 2014 విభజన తర్వాత కూడా ఆంధ్రప్రదేశ్. అడుగులు కొలిచే భద్రాచలం తెలంగాణ. ఒక్క వరద, నాలుగు రాష్ట్రాలు, నాలుగు పోలీసు వైర్‌లెస్‌లు. ఒకరి దగ్గర టెట్రా, ఇంకొకరి దగ్గర డి.ఎం.ఆర్., మరొకరి దగ్గర పాత ఎఫ్.ఎం. ఉంటే, నడుమ గేట్‌వే పెట్టకపోతే ఒకరి సెట్టు ఇంకొకరి సెట్టుతో మాట్లాడదు. రాష్ట్రాల పోలీసు వైర్‌లెస్‌ల మధ్య సమన్వయం కోసమే 1946 నుంచి కేంద్రంలో ఒక డైరెక్టరేట్ ఉంది. శబరి సంగమానికి నలుగురికీ ఉమ్మడిగా ఒక వరద టాక్‌గ్రూప్, దాని నుంచి తాళం లేకుండా జనం వినగలిగే ఒక ప్రసారం ఉండాలని ఇతను చేసిన ప్రతిపాదన అధికారులు చదవదగ్గది. నీటిమట్టం, మూసిన రోడ్డు, తెరిచిన శిబిరం, పడవ ఎక్కడుంది. ఈ నాలుగింటిలో ఏదీ శత్రువు చెవిన పడకూడని రహస్యం కాదు.

ఊరివాళ్ళ మాటకు దారి వేయడం ఈ నేలకు కొత్త కాదు. 2010లో శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వరలో మామూలు ఫోనే మైకు. అడవి పల్లె నుంచి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోను వస్తుంది. గోండీలోనో, హిందీలోనో తమ గోడు చెబితే రికార్డవుతుంది. మోడరేటర్లు సరిచూసి పెడితే మిగతావాళ్ళు ఫోనులోనే వింటారు. చేతిపంపు పాడైందనీ, రేషను రాలేదనీ, కూలి డబ్బులు పడలేదనీ చెప్పుకున్నారు. నెట్ అందని ఊళ్ళ కోసం తర్వాత బుల్టూ రేడియో వచ్చింది. బ్లూటూత్‌కు పల్లె నోట పలికిన పేరది. సంతలో ఒకరి ఫోను నుంచి ఇంకొకరి ఫోనుకు కార్యక్రమం దూకుతుంది. టవరూ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. ఆకాశవాణి జగదల్‌పూర్ హల్బీలో, గోండీలో పలకడం అంతకంటే పాతది. నక్సల్ ప్రభావిత ప్రాంతాల మొబైల్ పథకంలో మొదటి విడత 2,343 టవర్లు లేచాయి, అందులో బస్తర్ వాటా ఉంది. అయినా కొండ వెనక పల్లెకు వి.హెచ్.ఎఫ్. అయినా మొబైల్ అయినా ఒకటే, చూపు ఆనని చోటికి తరంగం చేరడం కష్టం. ఈ దారులన్నీ ఒకదానికొకటి ఆసరా కావాలన్నదే ఇతని వాదం.

చట్టబద్ధంగా వినడం, మాట్లాడటం నేర్చుకోవాలనుకునే పిల్లలకు దారి ఉందని కూడా పుస్తకం చెబుతుంది. ఆకాశవాణి డిజిటల్ డి.ఆర్.ఎం. ప్రసారాన్ని పట్టండి, డిజిటల్ గొంతు ఎలా తయారవుతుందో దానిలోనే నేర్చుకోవచ్చు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తల మీదుగా పోయేటప్పుడు 145.800 మెగాహెర్ట్జ్ వినండి. 446 మెగాహెర్ట్జ్ దగ్గర 2018 నుంచి లైసెన్సు లేకుండా వాడుకోదగ్గ చిన్న సెట్లున్నాయి, నిబంధనలకు సరిపడేవే కొనండి. హ్యామ్ పరీక్ష రాయండి. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ గారు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన బృందం అండమాన్‌లోనే ఉన్నారు. ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడటానికి వెళ్ళినవాళ్ళు ఒక్క పూటలో ద్వీపాలకూ మిగతా దేశానికీ వార్త మోసేవాళ్ళయ్యారు. హైదరాబాద్‌లోనే అశర్ ఫర్హాన్ గారు తయారుచేసిన బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్‌ను, మామూలు బజారు విడిభాగాలతో ఇంట్లో కట్టుకోదగ్గదాన్ని, దేశదేశాల ఔత్సాహికులు కట్టుకున్నారు. మన పిల్లలు ఈ మనుషుల పేర్లు తెలుసుకుని పెరగాలి.

మెచ్చుకోళ్ళతో పాటు ఒకటి రెండు కోరికలు. గొంతును అంకెలుగా మార్చే వోకోడర్ అధ్యాయం హడావుడిగా సాగింది. హోరుగాలిలో, జనరేటర్ పక్కన, సైరన్ మోగుతుండగా ఆ యంత్రం మాటను ఎలా పాడుచేస్తుందో ఇంకొంచెం విడమర్చి ఉండాల్సింది. అగ్నిమాపక సిబ్బందికి అది చావుబతుకుల విషయం. భాష మాత్రం హాయిగా ఉంది. ‘సెట్టు’, ‘రిపీటర్’, ‘కంట్రోల్’, ‘బ్యాటరీ దిగడం’, పని చేసేవాడి నోట పలికే మాటల్నే వాడాడు. ఎవరికీ తెలియని సంస్కృత పదాలు కట్టలేదు. పటాలు ఇతనే గీశాడు. శబరి సంగమం పటంలో రిపీటర్ నీడ పడే ఊళ్ళను చుక్కలతో చూపించిన తీరు నాకు చాలా నచ్చింది.

నాయనా, రెండో కూర్పు వేసేటప్పటికి ఆ పలకల ఆటను హల్బీలోకి, గోండీలోకి, దోర్లాలోకి మార్పించు. బొమ్మలు అవే ఉంచు, మాటలు మార్చితే చాలు. సుక్మా, బీజాపూర్ బళ్ళకు పంపే ఖర్చు గురించి ఆలోచించకు, అది నేనూ నా పాత మిత్రులూ చూసుకుంటాం. వరద టాక్‌గ్రూప్ ప్రతిపాదనను విడిగా ఒక చిన్న పుస్తకంగా హిందీలో, ఒడియాలో కూడా అచ్చువేయించి వానాకాలం రాకముందే నాలుగు కలెక్టరేట్లకూ చేర్చు. దీర్ఘాయుష్మాన్ భవ.

జగదల్‌పూర్